‘లైన్’ అనే మాటకు మన దిక్కు ఎన్ని అర్థాలు? పనివారీగా రాయండి

1. మూసీ_ఒడ్డు (నల్గొండ)

డిగ్రీ పిల్లల కోసం ఇంగ్లీషు మాటల పట్టీ తయారవుతోంది. ఒక్కో మాటకు ఒక్కో పేజీ. ఈసారి వంతు ‘లైన్’ది. నిఘంటువు తెరిస్తే గీత, రేఖ, వరుస, పంక్తి, తాడు, మార్గం, వంశం, చరణం అని పోతనే ఉంటది. అవన్నీ బట్టీ పట్టిస్తే పిల్లలకు ఒరిగేది ఏమీ లేదు. నల్గొండ, సూర్యాపేట, పాలమూరు, గద్వాల, నాగర్‌కర్నూల్ దిక్కు పనిచేసేవాళ్ల నోట్లో ఈ మాట ఏ అర్థంతో తిరుగుతుందో కావాలి. ఒక అర్థానికి ఇంకో అర్థం అనుకుంటే పనిలో ఏం చెడుతుందో కూడా కావాలి.

ఒక్క మనవి. ఉత్త అర్థం రాసి వదలకండి. ఏ వాక్యంలో వస్తుందో, పక్కన ఏ క్రియ ఉంటుందో రాయండి. ‘లైన్ గుంజిండ్రు’ వేరు, ‘లైన్ కట్టిండ్రు’ వేరు, ‘లైన్ ఇచ్చిండ్రు’ వేరు. పిల్లలు తడబడేది అక్కడే.

2. పడుగు_పేక (పోచంపల్లి)

మూలం నుంచి మొదలుపెడితే మిగిలినవన్నీ వాటంతట అవే అల్లుకుంటాయి సార్. లాటిన్‌లో ‘లీనుమ్’ అంటే అవిసె మొక్క, అదే మనం గింజలు తినే అవిసె. దాని కాండం నానబెట్టి తీసిన నారతో పేనిన దారం ‘లీనియా’. ఇంగ్లీషు ‘లైన్’ అక్కడి నుంచి వచ్చింది. లినెన్ బట్ట, లిన్సీడ్ నూనె, దర్జీ వేసే లైనింగ్, అన్నీ ఆ మొక్క పిల్లలే.

అంటే లైన్ పుట్టుకతో గీత కాదు, దారం. రెండు కొనలు బిగబట్టిన దారం తిన్నగా నిలుస్తుంది కాబట్టి ఆ తిన్నదనానికి ఆ పేరు వచ్చింది. దాని మీద గీసింది గీత, దాని వెంట నిలబడింది వరుస, దాని వెంట పోయింది దారి. మన ‘సూత్రం’ కూడా ఇదే దారిన నడిచింది. మెడలో మంగళసూత్రం దారమే, లెక్కల పుస్తకంలో సూత్రం నియమం. పిల్లలకు ఈ పోలిక ఒక్కటి చెబితే చాలు, మిగతా అర్థాలు వాళ్లే పట్టుకుంటారు.

మగ్గం మీద మాత్రం దారాన్ని ఎవరూ లైన్ అనరు. నిలువు పోగులు పడుగు, అడ్డపోగులు పేక. ‘లైన్’ అంటే చార, లేదా డిజైన్ అంచు. ఇక్కత్‌లో ‘లైన్ కలవలేదు’ అంటే పని ఇది: నేయకముందే పోగుల మీద డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, రబ్బరు పట్టీలతో చిటికి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. నేసేటప్పుడు పేక పోగును ఎడమకో కుడికో వేలితో సర్ది, ముందరి పోగు మీది రంగుకు ఎదురుగా తెస్తారు. ఆ సర్దుబాటు గింజంత తప్పినా పువ్వు అంచు మెట్లుమెట్లుగా పడుతుంది. కొద్దిపాటి నూగు అంచు ఇక్కత్‌కు సహజం, అది తప్పు కాదు. మెట్టు కనబడితేనే లైన్ తప్పినట్టు.

3. ఫీడర్_11 (దేవరకొండ)

కరెంటు పనిలో ఈ ఒక్క మాటకు కనీసం నాలుగు అర్థాలున్నయి. ఒకటి తప్పుగా అర్థమైతే ప్రాణం మీదికి వస్తది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్న.

మొదటిది, తీగల వరస మొత్తం. ‘11 కేవీ లైన్’, ‘33 కేవీ లైన్’, ‘ఎల్‌టీ లైన్’ (లో టెన్షన్, అంటే తక్కువ వోల్టేజీది). ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చేది 11 కేవీ, దాని కింద నుంచి ఇండ్లకు, బోర్లకు పోయేది ఎల్‌టీ. ‘కొత్త లైన్ గుంజుతున్నరు’ అంటే స్తంభాలు పాతి తీగ లాగుతున్నరని.

రెండోది, ఒక్క ఫేజు. ‘ఒక లైన్ పోయింది’ అంటే ఊరంతా కరెంటు పోయినట్టు కాదు, మూడు ఫేజుల్లో ఒకటి రావట్లేదని. రైతుకు ఈ తేడా తెలియాలి. మూడు ఫేజుల మోటారు నడుస్తుండగా ఒక ఫేజు పోతే మోటారు వెంటనే ఆగదు. గుర్రుమంటూ మిగతా రెండు ఫేజుల నుంచి ఎక్కువ కరెంటు గుంజుకుంటది, వైండింగ్ వేడెక్కి కాలిపోతది. దీనికే స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపేది) పెడతరు, ఓవర్‌లోడ్ రిలేను (ఎక్కువ కరెంటు గుంజితే ఆపేదాన్ని) మోటారు నేమ్‌ప్లేట్ మీది ఆంపియర్లకు తిప్పి పెడతరు. కరెంటు రాగానే మోటారు తనంతట తాను తిరగాలని ఆటో స్టార్టర్ పెట్టి ఈ రెండింటినీ తప్పించినచోట వైండింగ్ ఖర్చు తప్పదు.

మూడోది ఇంట్లో వైరింగ్. ‘లైన్, న్యూట్రల్’ అంటరు. ఇక్కడ లైన్ అంటే ఫేజు వైరు ఒక్కటే. మూడు పిన్నుల సాకెట్‌ను ఎదురుగా చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడి చేతి దిక్కు లైన్, ఎడమ దిక్కు న్యూట్రల్. స్విచ్ ఎప్పుడూ లైన్ మీదనే ఉండాలి. న్యూట్రల్ మీద పెడితే బల్బు ఆరుతది గానీ హోల్డర్‌లో కరెంటు ఉంటనే ఉంటది, బల్బు మార్చేటోడు షాక్ తింటడు. స్విచ్ బంద్ చేసినంక కూడా రాత్రిపూట ఎల్‌ఈడీ బల్బు సన్నగా మినుకుమంటుంటే మొదట చూడాల్సింది ఇదే.

నాలుగోది ‘లైన్ క్లియర్’, పొట్టిగా ఎల్‌సీ. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి తీసుకునే అనుమతి. క్రమం ఇది: ఏ ఫీడరో (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైన్) పేరు స్పష్టంగా చెప్పి ఎల్‌సీ అడగాలి. ఆపరేటర్ బ్రేకర్ (కరెంటు ఆపే పెద్ద స్విచ్) తీసి, ఐసోలేటర్ (తీగను కంటికి కనబడేలా విడదీసే స్విచ్) కూడా తెరిచి, బోర్డు తగిలించి, టైము రాసుకొని ఎల్‌సీ ఇస్తడు. అంతటితో ఎక్కొద్దు. పనిచేసే చోట డిశ్చార్జ్ రాడ్‌తో చూసి, పనికి రెండు దిక్కులా తీగలను ఎర్త్ చేయాలి. పని అయినంక మనుషులందరూ కిందికి దిగాలి, ఎర్త్ రాడ్లు తీయాలి, అప్పుడే ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. తీసుకున్నోడే తిరిగి ఇవ్వాలి, వేరేటోడు ఫోన్ చేసి ‘అయిపోయింది, ఇచ్చెయ్యి’ అంటే ఒప్పుకోవద్దు.

ప్రమాదాలు ఎక్కడ జరుగుతయంటే: ఒకే ఫీడర్ మీద రెండు జట్లు పనిచేస్తుండగా ఒక జట్టు ఎల్‌సీ తిరిగి రాగానే కరెంటు వదిలినప్పుడు, ఒక ఫీడర్‌కు బదులు పక్క ఫీడర్ ఆపినప్పుడు, ఎవరిదో జనరేటర్ నుంచి వెనక్కి కరెంటు ఎక్కినప్పుడు. ఎర్త్ రాడ్లు కట్టమనేది ఈ మూడింటి కోసమే.

రైతులకు ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ (స్తంభం మీద మూడు తీగలను ఒకేసారి విడదీసేది) దించి ఫ్యూజు వేసుకుందామని చూడొద్దు. స్విచ్ దించినా మూడు బ్లేడ్లలో ఒకటి అతుక్కొని ఉండిపోవచ్చు, కింద నుంచి చూస్తే తెలియదు. లైన్‌మన్‌ను పిలవాలి, లేకుంటే 1912కు ఫోన్ చేయాలి.

4. లూప్_లైన్ (మిర్యాలగూడ)

ఫీడర్ అన్నా, మీరు చెప్పిన లైన్ క్లియర్ రైల్వేలోనూ ఉంది, కానీ అర్థం తిరగబడింది. మీ దగ్గర లైన్ క్లియర్ అంటే తీగలో కరెంటు రాదు, మనిషి పోవచ్చు. రైల్వేలో లైన్ క్లియర్ అంటే పట్టాల మీదికి బండి వస్తుంది, మనిషి పోవద్దు.

నల్గొండ, మిర్యాలగూడ మీదుగా పోయే బీబీనగర్–నడికుడి మార్గం మొదటి నుంచి సింగిల్ లైన్‌గా నడిచింది. సింగిల్ లైన్‌లో రెండు స్టేషన్ల మధ్య ముక్కను బ్లాక్ సెక్షన్ అంటారు. అందులో ఒకసారి ఒక్క బండే ఉండాలి. ఈ స్టేషన్ మాస్టర్ అవతలి స్టేషన్‌ను అడిగి, అక్కడి నుంచి ఒప్పుదల వచ్చాకే బండి వదలాలి. ఆ ఒప్పుదలే లైన్ క్లియర్. బండి అవతలికి చేరి, ఆఖరి పెట్టె వెనక ఉండే ఎల్‌వీ (లాస్ట్ వెహికిల్) బోర్డు కంటికి కనబడ్డాకే ఆ సెక్షన్ ఖాళీ అయినట్టు. బోర్డు కనబడకపోతే కొన్ని పెట్టెలు తెగి దారిలో ఉండిపోయాయేమో అని అనుమానించాలి.

‘మెయిన్ లైన్’ నేరుగా పోయేది, ‘లూప్ లైన్’ పక్కకు విడిపోయి మళ్లీ కలిసేది. ఎదురు బండి కోసం ఒకదాన్ని లూప్‌లో పెడతారు. లూప్‌లోకి మలుపు తిరిగేటప్పుడు వేగం సాధారణంగా గంటకు 30 కిలోమీటర్లకు మించనివ్వరు.

అనువాదంలో తరచూ దొర్లే తప్పు ఒకటి ఉంది. ఒక లైన్ అంటే ఒక పట్టా కాదు, రెండు పట్టాలు కలిస్తే ఒక లైన్. వాటి లోపలి అంచుల మధ్య దూరం బ్రాడ్‌గేజ్‌లో 1,676 మిల్లీమీటర్లు. ‘డబుల్ లైన్’ను ‘రెండు పట్టాలు’ అని రాస్తే ఉన్న సింగిల్ లైనే అవుతుంది.

5. మూసీ_ఒడ్డు (నల్గొండ)

> మీ దగ్గర మనిషి పోవచ్చు, రైల్వేలో మనిషి పోవద్దు

ఇది పేజీ పైననే పెడతాను. ‘లైన్ క్లియర్’కు తెలుగు మాట పెట్టాలా, అట్లనే వదలాలా?

6. ఫీడర్_11 (దేవరకొండ)

అట్లనే వదలండి సార్. ‘మార్గం సుగమం’ అని పెడితే స్తంభం కింద నిలబడ్డోడు ఏమర్థం చేసుకుంటడు? ప్రాణంతో ముడిపడ్డ మాటను పనోళ్లు పలికే తీరులోనే ఉంచాలి.

7. బత్తాయి_తోట (చిట్యాల)

డ్రిప్ గురించి రాయకపోతే నల్గొండ జిల్లా పేజీ పూర్తి కాదు. ఇక్కడ మూడు రకాల లైన్లు. బోరు నుంచి, ఫిల్టర్ నుంచి వచ్చేది మెయిన్ లైన్. దాని నుంచి మడులకు చీలేది సబ్‌మెయిన్. చెట్ల సాళ్ల వెంట పరిచే నల్లపైపు లేటరల్, మామూలుగా 16 ఎం.ఎం. మొదటి రెండూ పీవీసీ, ఒకటిన్నర నుంచి రెండు అడుగుల లోతులో పూడ్చాలి, లేకుంటే నాగలికో ట్రాక్టర్‌కో తగులుతయి. నల్లపైపు నేల మీదనే ఉంటది.

అసలు గందరగోళం ‘ఇన్‌లైన్’, ‘ఆన్‌లైన్’ దగ్గర. ఆన్‌లైన్ అనగానే మీసేవ దరఖాస్తు అనుకుంటరు. డ్రిప్‌లో ఆన్‌లైన్ అంటే పైపు మీద బయట నుంచి రంధ్రం పొడిచి గుచ్చే డ్రిప్పర్. ఇన్‌లైన్ అంటే పైపు తయారయ్యేటప్పుడే లోపల అమర్చి వచ్చే డ్రిప్పర్. ‘ఇన్’ లోపల, ‘ఆన్’ మీద. ఇంగ్లీషు విభక్తి నేర్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఎంపికలో పొరపాటు పడితే నష్టమే. బత్తాయికి ఆన్‌లైన్ మేలు. చెట్టు చిన్నగున్నప్పుడు మొదలు దగ్గర ఒకటి రెండు డ్రిప్పర్లు చాలు. చెట్టు పెరిగేకొద్దీ నీడ అంచు దిక్కు జరిపి నాలుగు చేయొచ్చు. 6 మీటర్ల ఎడంలో ఎకరానికి సుమారు 110 చెట్లు పడతయి. చెట్టుకు నాలుగు, ఒక్కోటి గంటకు 8 లీటర్లు అనుకుంటే గంటకు 3,520 లీటర్లు కావాలి. బోరు అంత పోయకపోతే తోటను రెండు భాగాలు చేసి వాల్వులు పెట్టాలి, ఒకేసారి అంతా వదిలితే ఆఖరి చెట్లకు నీళ్లు అందవు. మిరప, టమాట లాంటి దగ్గర సాళ్ల పంటకు ఇన్‌లైన్. అక్కడ డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్ల ఎడమో, నేలను బట్టి ఇంకాస్త అటు ఇటో ఉంటది.

‘లైన్ జామ్ అయింది’ అంటే రెండు కారణాలు. మట్టి చేరితే ఫిల్టర్ కడిగి, లేటరల్ చివర ఎండ్ క్యాప్ విప్పి నీళ్లు తేటగా వచ్చేదాకా వదిలితే పోతది. ఇన్‌లైన్‌ను విప్పి కడగలేం కాబట్టి ఈ పని వాయిదా వేయొద్దు. రెండోది ఉప్పు. మన దిక్కు బోరు నీళ్లు గట్టివి, డ్రిప్పర్ నోటి దగ్గర తెల్లగా పొర కడతది. దానికి ఆమ్ల చికిత్స: ముందు ఒక బకెట్ నీళ్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్ 4కు రావడానికి ఎంత పట్టిందో కొలవాలి. ఆ లెక్కన వెంచురీతో (మందును పైపులోకి పీల్చే గొట్టం) లైన్‌లోకి ఎక్కించి, మోటారు ఆపి, ఒక రాత్రి ఉంచి, తెల్లారి చివరలు విప్పి బాగా కడగాలి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయొద్దు, కుతకుతమని ముఖం మీదికి ఎగజిమ్ముతది. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దాలు ఉండాలి.

8. తూకం_గుండు (కొల్లాపూర్)

మేస్త్రీల దగ్గర లైన్ ఇంకా దారమే. పోచంపల్లి అక్క చెప్పిన పాత అర్థం ఒక్క గోడ కట్టే దగ్గరే చెక్కుచెదరకుండా మిగిలింది. సూతిలి అన్నా, లైన్ దారం అన్నా ఒకటే. ‘లైన్ కట్టు’ అంటే గోడ రెండు మూలల్లో మేకులకు దారం బిగించు అని. క్యూలో నిలబడు అని కాదు.

ముందు రెండు మూలల ఇటుకలు తూకం గుండుతో, రసమట్టంతో సరిచూసి పెడతరు. వాటి పై అంచుకు దారం కడతరు. మధ్య ఇటుకలన్నీ ఆ దారానికి సరిపెడతరు. ఇక్కడ కొత్త పనోళ్లు చేసే తప్పు ఒకటుంది. ఇటుకను దారానికి ఆనిస్తరు. ఆనితే దారం కొంచెం బయటికి జరుగుతది, తర్వాతి ఇటుక ఆ జరిగిన దారానికి పెడతరు, అది ఇంకొంచెం తోస్తది. ఇరవై అడుగుల గోడ మధ్యలోకి వచ్చేసరికి కడుపు వస్తది. దారానికి, ఇటుకకు మధ్య సన్నటి వెలుతురు కనబడాలి, రెండు కాగితాల మందం అనుకోండి. ఒంటికన్నుతో దారం వెంట చూస్తే ఆ వెలుతురు మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉండాలి. పొడవు ఎక్కువైతే దారం నడుమ వంగుతది, మధ్యలో ఒక ఇటుక కరెక్టుగా పెట్టి దాని మీద దారాన్ని ఆపాలి.

పునాది దగ్గర ‘సెంటర్ లైన్’ అంటే గోడ నడిమి గీత. 9 అంగుళాల గోడకు సెంటర్ లైన్ నుంచి అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర. ప్లాన్‌లో కొలతలు సెంటర్ నుంచి సెంటర్‌కు ఇచ్చినా, గది లోపలి కొలత అనుకొని ముగ్గు పోస్తే 10 అడుగుల గది లోపల 10 అడుగులే వస్తది గానీ బయటి గోడ రెండు దిక్కులా నాలుగున్నర అంగుళాలు జరుగుతది. పిల్లర్ల గుంటలు తవ్వినంక ఇది బయటపడితే దిద్దడం కష్టం. ముగ్గు పోసే ముందే ‘ఈ కొలత సెంటర్‌దా, లోపలిదా’ అని అడగాలి.

మూల 90 డిగ్రీలు ఉందో లేదో చూడటానికి ఒక దిక్కు 6 అడుగులు, ఇంకో దిక్కు 8 అడుగులు గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య టేపు పడితే 10 అడుగులు రావాలి. 3–4–5 అయినా లెక్క అదే, కానీ త్రిభుజం పెద్దదైతే తప్పు తక్కువ. ఆఖరికి గది రెండు కర్ణాలు కొలవాలి, రెండూ సమానం కావాలి.

‘లైన్ ఇయ్యి’ అంటే పక్క మేస్త్రీకి సూటి చూపించు అని.

9. సూది_దారం (వనపర్తి)

లైనింగ్ మాట. బట్ట లోపల లినెన్ వేసి కుట్టేవాళ్లు కాబట్టి ఆ పని లైనింగ్ అయింది. ఇప్పుడు వేసేది నూలు బట్టే. గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు ఉంటాయి. పట్టు జాకెట్టుకు నూలు లైనింగ్ వేస్తే రెండూ ఒకే తీరుగా కుంచించుకోవు. లైనింగ్ గుడ్డను కత్తిరించకముందే నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేయాలి. లేకుంటే మొదటి ఉతుకుకే లైనింగ్ లోపల ముడుచుకొని పై బట్ట ముడతలు పడుతుంది. రెండు బట్టల నిలువు పోగులు ఒకే దిక్కుకు ఉండేలా కత్తిరించాలి.

10. ఎడమ_కాలువ (హాలియా)

లైనింగ్ కాలువకూ ఉంది. సాగర్ ఎడమ కాలువ దిక్కు ‘లైనింగ్ పని’ అంటే కాలువ లోపలి ఒడ్లకు, అడుగుకు కాంక్రీటు పొర వేయడం. దర్జీ అర్థమే పెద్దగా అయింది. నీళ్లు భూమిలోకి ఇంకిపోకుండా, ఒడ్డు కోతపడకుండా వేస్తారు. పొర పల్చనిదే, 3–4 అంగుళాలు. అందుకే వెనక మట్టిలో చేరిన నీళ్లు బయటికి రావడానికి చిన్న రంధ్రాలు వదలాలి. కాలువను ఒక్కసారిగా ఖాళీ చేస్తే లోపలి నీటి బరువు పోయి, వెనక మట్టిలోని నీళ్లు పొరను ముందుకు నెట్టి పలకలు లేచిపోతాయి. రంధ్రాలు పూడుకుపోయిన చోట ఇది ముందు కనబడుతుంది.

‘లైన్ వేయడం’ అని కాలువకు అనరు, ‘లైనింగ్ వేయడం’ అనే అంటారు. పిల్లలకు ఈ తేడా గట్టిగా చెప్పాలి.

11. పాలమూరు_అనువాదం (మహబూబ్‌నగర్)

ఇక కాగితం మీది లైన్. ఆఫీసు సర్క్యులర్లలో ‘లైన్ డిపార్ట్‌మెంట్లు’ అని వస్తుంది. దీన్ని ‘వరుస శాఖలు’ అని అనువదించినవి కనబడుతుంటాయి, అర్థం లేదు. పని నేరుగా అమలు చేసే శాఖలని దాని భావం: వ్యవసాయం, పంచాయతీరాజ్, వైద్యం లాంటివి. ‘సంబంధిత అమలు శాఖలు’ అని రాయొచ్చు. బడ్జెట్‌లో ‘లైన్ ఐటమ్’ అంటే ఒక పద్దు. ‘పావర్టీ లైన్’ దారిద్ర్య రేఖ, ‘లైన్ ఆఫ్ కంట్రోల్’ నియంత్రణ రేఖ. ఈ రెండూ స్థిరపడ్డాయి, కదిలించొద్దు.

‘డెడ్‌లైన్’కు మనకు ‘గడువు’ అనే చక్కని మాట ఉంది. కానీ ఆ ఇంగ్లీషు మాట పుట్టుక వేరు. అమెరికా అంతర్యుద్ధంలో 1864లో జార్జియాలోని ఆండర్సన్‌విల్ చెరసాలలో ఖైదీలు దాటకూడని హద్దు ఉండేది. దాటితే కాల్చేసేవాళ్లు. అప్పుడది చోటుకు హద్దు, తర్వాత పత్రికల చేతిలో కాలానికి హద్దు అయింది.

పత్రికల్లో విలేకరి పేరు వచ్చేది బైలైన్, ఊరు తేదీ వచ్చేది డేట్‌లైన్. అచ్చయిన వార్త కొలతను బట్టి విలేకరికి ఇచ్చే డబ్బు ‘లైన్ అకౌంట్’. సినిమావాళ్ల దగ్గర ‘లైన్ చెప్పిండు’ అంటే రెండు ముక్కల్లో కథ చెప్పాడని. ఇంగ్లీషు నాటకంలో ‘లైన్స్’ అంటే నటుడు పలకాల్సిన మాటలు, ‘లైన్స్ మర్చిపోయాడు’ను ‘గీతలు మర్చిపోయాడు’ అనకూడదు.

జాతీయాలు కొన్ని, పదానికి పదం పెట్టకుండా:

‘డ్రాప్ మీ ఎ లైన్’: రెండు ముక్కలు రాయి.
‘రీడ్ బిట్వీన్ ద లైన్స్’: చెప్పని మాట పట్టుకో.
‘టో ద లైన్’: చెప్పినట్టు నడుచుకో. ఇందులో ‘టో’ కాలి వేలు, గీతకు వేళ్లు ఆనించి నిలబడటం. లాగడం అనే అర్థమున్న ‘టో’ కాదు. పలుకుబడి ఒకటే కావడంతో రాతలో ఇంగ్లీషువాళ్లే తప్పు చేస్తారు.
‘వాట్స్ యువర్ లైన్?’: ఏం పని చేస్తారు? ‘మాది బట్టల లైన్’ అని మన దుకాణాల్లోనూ అంటారు, ఇదే అర్థం.
‘హోల్డ్ ద లైన్’: ఫోన్‌లో అయితే కాస్త ఆగండి, యుద్ధంలో అయితే వెనక్కి తగ్గొద్దు.

నిలబడే వరుసకు అమెరికావాళ్లు ‘లైన్’, బ్రిటన్‌వాళ్లు ‘క్యూ’ అంటారు. మనం రెండూ కలిపి ‘క్యూలైన్’ చేశాం, యాదగిరిగుట్ట మీద బోర్డులు చూడండి. తెలుగులో అది తప్పు కాదు, నిలిచిపోయిన మాట. ఇంగ్లీషు పరీక్షలో మాత్రం ఏదో ఒకటే రాయాలి.

12. అచ్చు_సాలు (అచ్చంపేట)

అందరూ లైన్ లైన్ అంటున్నరు గానీ మన మాట ఉన్నచోట అది వదలొద్దు. చేన్ల లైన్ అనేది లేదు, సాలు ఉంది. నాగలి గీసింది సాలు, గొర్రుతో విత్తింది సాలు, మొక్కల వరస సాలు. పత్తికి నిలువూ అడ్డమూ అచ్చు తోలి, గీతలు కలిసిన చోట గింజ పెడతరు. అప్పుడు గుంటక రెండు దిక్కులా పోతది, కలుపు కూలి తగ్గుతది. సాలు వంకర పోతే గుంటక మొక్కల మీదికి ఎక్కుతది. వరి నాటులో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమనేది కూడా సాలు లెక్కనే. గాలి తగిలి దోమపోటు తగ్గుతది, మందు కొట్టేటోడికి దారి ఉంటది.

భోజనానికి కూర్చున్న వరస బంతి. ‘పంక్తి’ నుంచే వచ్చింది. ‘మొదటి బంతి లేచింది’ అనాలె గానీ ‘మొదటి లైన్ అయిపోయింది’ అంటే విందు వాసన రాదు.

13. మూసీ_ఒడ్డు (నల్గొండ)

అందరికీ దండాలు. మీరు రాసినవి క్రియలవారీగా కూర్చాను, తప్పుంటే చెప్పండి.

గుంజు: తీగ లేదా పైపు. ‘బోరు దాకా లైన్ గుంజిండ్రు.’
కట్టు: మేస్త్రీ దగ్గర దారం, బ్యాంకు ముందు మనుషుల వరుస. ఎవరు అన్నారో చూసుకోవాలి.
ఇచ్చు: కరెంటు వదలడం, మేస్త్రీకి సూటి చూపడం.
తీసుకొను: ఎల్‌సీ ఒక్కటే. ‘లైన్ తీసుకున్నంకనే ఎక్కు.’
పోవు: ఫేజు పోవడం, ఫోన్ తెగిపోవడం.
కలియు: డిజైన్ అంచు, గోడ సూటి, ఫోన్.
వేయు: రైలు మార్గం. కుర్రకారు మాటలో ఆడపిల్ల వెంటపడటం, ఇది పరీక్షలో రాయకూడదని పక్కన రాస్తాను.

14. ఫీడర్_11 (దేవరకొండ)

ఒక సవరణ సార్. ‘ఇచ్చు’ దగ్గర కరెంటు వదలడం అని ఒక్కటే రాశారు. మా దగ్గర ‘లైన్ ఇచ్చిండు’ అంటే ఆపరేటర్ ఎల్‌సీ ఇచ్చిండు, అంటే కరెంటు ఆపిండు అని కూడా అర్థం. ఒకే వాక్యం, పూర్తిగా ఎదురు అర్థాలు. అందుకే ఫోన్‌లో ‘లైన్ ఇచ్చినవా’ అని అడగొద్దని కొత్త పిల్లలకు చెప్తం. ‘ఎల్‌సీ ఇచ్చినవా’ లేదా ‘ఛార్జ్ చేసినవా’ అని విడదీసి అడగాలి, అవతలోడు ఫీడర్ పేరుతో సహా తిరిగి పలకాలి.

15. మూసీ_ఒడ్డు (నల్గొండ)

దిద్దాను. ‘ఇచ్చు’ కింద రెండు అర్థాలూ పక్కపక్కన పెట్టి, కింద మీరు చెప్పిన రెండు ప్రశ్నలే ఉదాహరణ వాక్యాలుగా రాశాను.